నెమ్ము అన్నారా, ముందు చొక్కా ఎత్తి చూడండి

మా వైపు పసిపిల్లలకి రొంప చేసి, దగ్గు ముదిరి, మనిషి నలతగా అయిపోతే "నెమ్ము చేసిందే" అంటారు. కొందరు నిమ్ము అంటారు. డాక్టరుగారు న్యుమోనియా అని చెప్పినా, ఇంటికొచ్చి చుట్టాలకి చెప్పేసరికి అది మళ్ళీ నెమ్మే అయిపోతుంది. బి.ఏ.లో తెలుగు చదివిన పుణ్యానికి నాకొక అలవాటు మిగిలింది. ఏదైనా మాట చెవిన పడితే దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూడాలి. నెమ్ము అంటే చెమ్మ. వానాకాలం గోడకి నెమ్ము, పప్పు డబ్బాలో నెమ్ము, కుప్ప వేసిన వడ్లలో నెమ్ము. అదే మాట పిల్లాడి గుండెల్లోకీ వచ్చి కూర్చుంది.

మాట మరీ తప్పేం కాదు. ఊపిరితిత్తుల లోపల ద్రాక్షగుత్తుల్లా సన్నటి గాలితిత్తులు ఉంటాయి. బాక్టీరియా వల్లో, వైరస్ వల్లో అవి వాచి, వాటిలో చీమూ నీరూ చేరి, గాలి నిండాల్సిన చోట గాలి నిండకపోవడమే న్యుమోనియా. లోపల తడి చేరిన మాట నిజమే. చిక్కల్లా ఆ మాట మన చేత చేయించే పనులతోనే. నెమ్ము అనుకోగానే ఆరబెట్టాలనిపిస్తుంది. ఆముదం రాసి దీపం మీద వెచ్చ చేసిన తమలపాకు గుండెల మీద వేస్తాం. కుంపట్లో నిప్పులు పోసి సాంబ్రాణి వేస్తాం. కిటికీలు బిగిస్తాం. స్వెట్టరు, చెవులకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు, పైన దుప్పటి. అన్నీ అయ్యేసరికి పిల్లాడి మొహం తప్ప ఇంకేమీ కనపడదు. తీరా చూడాల్సింది మొహం కాదు, పక్కటెముకల కింద.

ఇంకో సంగతి కూడా ఉంది. నెమ్ము అనే మాటకి ఎప్పుడూ ఒక ముద్దాయి కావాలి, ఆ ముద్దాయి ఎప్పుడూ తల్లే. పాలిచ్చే తల్లి పెరుగన్నం తిన్నదట, తలంటు పోసుకుని జుట్టు ఆరకముందే పిల్లాణ్ణి ఎత్తుకుందట, ఫ్యాను వేసిందట. పిల్లాడు రొప్పుతుంటే పక్క గదిలో ఈ విచారణ జరుగుతూ ఉంటుంది.

ఆ చూడాల్సిన దానికి కూడా మన దగ్గర మాట ఉంది. డొక్కలెగరేయడం. పరిగెత్తొచ్చి నీడన పడుకున్న కుక్కని చూసినా, జబ్బు చేసిన దూడని చూసినా డొక్కలెగరేస్తోంది అంటాం. పసిపిల్లల విషయంలో ఆ మాట ఎంత ఖచ్చితమైనదో నాకు మా చెల్లి కొడుకు దగ్గర తెలిసొచ్చింది.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా చెల్లి వాళ్ళుండేది బాపట్లలో, సూర్యలంక వెళ్ళే రోడ్డు వైపు. తుపాను కబురు వినగానే బాబుని చంకనేసుకుని రేపల్లెలో మా అమ్మ దగ్గరకి వచ్చేసింది. మరిదిగారు ఉద్యోగం వదిలి రావడానికి లేక అక్కడే ఉండిపోయారు. రేపల్లె మాత్రం సముద్రానికి ఏమంత దూరమని! కాకపోతే అమ్మ వాళ్ళది డాబా ఇల్లు, పైగా పుట్టిల్లు, అదీ ధైర్యం. బాబుకి అప్పటికి పదకొండు నెలలు. గాలివాన వెలిసి, ఊరంతా నీళ్ళలో పడిపోయిన వరి గురించి బాధపడుతున్న రోజుల్లో వాడికి రొంప మొదలైంది. నేను తెనాలిలో మా ఇంట్లో ఉన్నాను.

మొదటి రెండు రోజులూ ఫోన్లో విన్నది మామూలే. ముక్కు కారుతోంది, దగ్గుతున్నాడు, ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది. మూడో రోజు సాయంత్రం అమ్మ వేరే ఏదో చెబుతూ మధ్యలో, "నిన్న రాత్రి నించీ కాస్త డొక్కలెగరేస్తున్నాడే. నెమ్ములే. తమలపాకు వేశాను, తగ్గిపోద్ది" అంది. మొదటి ముక్కలో జబ్బు మొత్తం చెప్పేసింది, రెండో ముక్కతో తనే కొట్టిపారేసింది. నా చెవిలో మాత్రం మొదటిదే ఉండిపోయింది.

ఎందుకంటే మా పెద్దాడికి ఏడాదిన్నరప్పుడు ఇలాగే దగ్గొస్తే, ఆస్పత్రిలో ఒక నర్సమ్మ వాడి చొక్కా మెడదాకా ఎత్తి, చేతి గడియారం విప్పి వాడి పొట్ట పక్కన పెట్టుకుని, నిమిషం పాటు పెదవులు కదుపుతూ లెక్కపెట్టింది. 34 అని చీటీ మీద రాసి, "రొంపేనమ్మా, భయం లేదు" అంది. ఏం లెక్కపెట్టారని అడిగితే విసుక్కోకుండా చెప్పింది. ఆవిడ చెప్పిన మూడు అంకెలూ నాకు ఆవకాయ కొలతల్లా ఉండిపోయాయి.

చెల్లిని వీడియో కాల్ చేయమన్నాను.

"చొక్కా ఎత్తవే" అన్నాను.

"చలేస్తుందక్కా."

"ఒక్క నిమిషం. ఎత్తు."

పక్కనించి అమ్మ "గాలి తగులుద్దే, గాలి తగులుద్దే" అంటూనే ఉంది. బాబు చెల్లి ఒళ్ళో మగతగా ఉన్నాడు. ఏడవటం లేదు, పాలూ తాగటం లేదు. ఊపిరి లెక్కపెట్టడానికి అదే సరైన సమయం. కానీ ఆ మగత నాకు నచ్చలేదు. తుపాను తర్వాత సిగ్నల్ తెగి తెగి వస్తోంది, బొమ్మ ఆగి ఆగి కదులుతోంది, అందులో నేను లెక్కపెడితే తప్పొస్తుంది. అందుకని నేను గడియారం చూస్తూ మొదలు, ఆపు అని చెప్పాను. లెక్క చెల్లే పెట్టింది. 62 వచ్చింది. మళ్ళీ పెట్టమన్నాను. 64.

వాడి వయసుకి 50 అంటేనే ఎక్కువ.

"ఊపిరి లోపలికి పీల్చినప్పుడు కింది పక్కటెముకల దగ్గర ఏమవుతోందో చూడు."

కాసేపు మాట లేదు. "గుంట పడుతోందక్కా. ప్రతిసారీ."

"పాలు?"

"రెండు గుటకలేసి వదిలేస్తున్నాడు. ఆయాసమొచ్చేస్తోంది."

అప్పుడు అమ్మ ఫోను తీసుకుంది. "జ్వరమే లేదు కదే. వందన్నా లేదు. పొద్దున్నే పోదాంలే. ఈ చీకట్లో, రోడ్ల మీద ఎక్కడ ఏ కొమ్మ పడి ఉందో ఏమో" అంది. అమ్మ భయం అర్థం లేనిదని నేననను. కానీ మన ఇళ్ళల్లో జబ్బుకి కొలత జ్వరమొక్కటే. థర్మామీటరు చల్లగా ఉంటే అందరి మనసులూ చల్లబడతాయి. న్యుమోనియాకి జ్వరం ఎక్కువే ఉండాలని లేదు. బలహీనంగా ఉన్న పిల్లల్లో, మరీ పసివాళ్ళలో, ఒళ్ళు కాలకుండానే ఊపిరి చేజారిపోతుంది.

"అమ్మా, డొక్కలెగరేస్తున్నాడని చెప్పింది నువ్వే. అది పొద్దుటిదాకా ఆగదు" అన్నాను.

ఒక్క క్షణం ఊరుకుంది. "సరే, పక్కింటబ్బాయిని కారు తియ్యమంటా" అంది. అంత తొందరగా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. చాలా రోజుల తర్వాత, సంక్రాంతికి చేగోడీలు వేస్తూ చెప్పింది. అమ్మ చిన్నప్పుడు తన వెనకవాడు ఒకడు ఇలాగే రెండు రాత్రులు డొక్కలెగరేసి పోయాడట. వాతలు కూడా పెట్టించారట. వాడి పేరు ఇంట్లో ఎవరూ తలుచుకునేవారు కాదట. ఆ మాట అమ్మకి ఎలా తెలుసో నాకప్పుడు అర్థమైంది. అది డెబ్బై ఏళ్ళ మనిషికి తన చిన్నతనం నుంచి మిగిలిన గుర్తు.

ఆ రాత్రి ముందు రేపల్లెలోనే ఆస్పత్రికి వెళ్ళారు. పసివాడి కాలి వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 87. వెంటనే ముక్కు దగ్గర సన్న గొట్టంతో ఆక్సిజన్ పెట్టి, యాంటీబయాటిక్ ఇంజక్షన్ మొదటి మోతాదు అక్కడే ఇచ్చి, 108లో తెనాలి పంపించారు. భట్టిప్రోలు, వేమూరు మీదుగా గంట పైనే పట్టింది. నేనూ మా వారూ ఆస్పత్రి గేటు దగ్గర నిలబడి ఉన్నాం. వచ్చిన ప్రతి లైటూ అదేననుకున్నాం.

అయిదు రోజులున్నాడు. మూడో రోజు తెల్లవారుజామున రెండు వైపులా పాలు తాగి నిద్రపోయాడు. ఆ నిద్రలో చెల్లి ఊరికే లెక్కపెట్టుకుంటే 42 వచ్చిందట. డాక్టరుగారు రౌండ్సుకొచ్చినప్పుడు "ఇంట్లో ఊపిరి లెక్కపెట్టింది ఎవరు?" అని అడిగితే చెల్లి తడుముకోకుండా "నేనేనండి" అంది. నా పేరు చెప్పనందుకు నాకు కొంచెం కోపం వచ్చింది, నిజం చెప్పొద్దూ. కానీ ఆలోచిస్తే లెక్కపెట్టింది అదే కదా.

ఇక ఆ లెక్క సంగతి. అమ్మలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఇది చదువుతున్నట్టయితే ఈ ఒక్కచోట నెమ్మదిగా చదవండి. పుట్టినప్పట్నించి రెండు నెలలు నిండేదాకా నిమిషానికి 60 గానీ అంతకు మించి గానీ వస్తే ఎక్కువ. రెండు నెలలు నిండాక ఏడాది లోపు 50. ఏడాది నుంచి అయిదేళ్ళ లోపు 40. ఛాతీ, పొట్ట ఒకసారి లేచి పడితే ఒకటి. పిల్లాడు ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క పనికిరాదు. నిద్రపోతున్నప్పుడైతే హాయి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేద్దామని తెలివితేటలకి పోకండి. పసివాళ్ళ ఊపిరి మన ఊపిరిలా సమంగా ఉండదు, కాసేపు గబగబా తీసి కాసేపు ఆపుతారు. నిండు నిమిషం పట్టాల్సిందే. రెండు నెలల లోపు బిడ్డకి 60 దాటితే ఇంకోసారి లెక్కపెట్టి చూస్తారు. రెండోసారీ దాటితే ఆలోచన లేదు. అసలు ఆ వయసు బిడ్డకి జ్వరమొచ్చినా, ఒళ్ళు చల్లబడినా, పాలు మానేసినా లెక్కల దాకా కూడా అక్కర్లేదు, ఆస్పత్రికి వెళ్ళిపోవడమే.

మామూలుగా ఊపిరి పీల్చినప్పుడు పిల్లల ఛాతీ, పొట్ట రెండూ పైకి లేస్తాయి. ఊపిరితిత్తులు బిరుసెక్కినప్పుడు పీల్చే బలం చాలక, పొట్ట పైకి లేస్తుంటే దాని పైన కింది పక్కటెముకల దగ్గర లోపలికి గుంట పడుతుంది. ఎప్పుడో ఒకసారి కాదు, ప్రతి ఊపిరికీ. డాక్టర్లు దీనికి పెద్ద పేరే పెట్టుకున్నారు. మనకి డొక్కలెగరేయడం చాలు. ఫోన్లో డాక్టరుతో మాట్లాడేటప్పుడు కూడా "నెమ్ము చేసిందండి" అనకుండా "డొక్కలెగరేస్తున్నాడు, నిమిషానికి ఇంత" అని చెబితే అవతలి గొంతు మారిపోతుంది.

ఆలోచించేకొద్దీ ఇలాంటి మాటలు మనకి చాలానే ఉన్నాయి. రొప్పడం అంటే గబగబా ఊపిరి. ఊపిరి వదిలినప్పుడల్లా మూలగడం, ముక్కుపుటాలు ఎగరేయడం, రెండూ మంచివి కావు. పిల్లికూతలు వేరు, అది గాలిగొట్టాలు ఇరుకవడం, దానికి మందు వేరే ఉంటుంది. గొంతులో గురగుర మాత్రం చాలాసార్లు ఉత్త ముక్కుదిబ్బడే. ఆ చప్పుడుకి భయపడిపోయి, చప్పుడు లేని డొక్కల్ని వదిలేస్తాం. పాలు తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్సు రావడం, లేపినా లేవనంత మగత, పెదవులు నీలంగా మారడం, వీటిలో ఏది కనిపించినా ఇంకేం లెక్కపెట్టకుండా 108కి ఫోను చేయాలి.

ఈ లెక్క ఎవరు కనిపెట్టారా అని తర్వాత చదువుకున్నాను. పపువా న్యూగినీలోని గొరోకాలో ఫ్రాంక్ షాన్ అనే పిల్లల డాక్టరు, ఆయన తోటివాళ్ళు, ఎక్స్‌రే లేని చోట ఏ పిల్లకి మందు అవసరమో, ఏ పిల్లని ఆస్పత్రిలో చేర్చాలో కళ్ళతో ఎలా తేల్చాలని చూశారు. వాళ్ళ పరిశీలన 1984లో అచ్చయింది. గబగబా ఊపిరి, పక్కటెముకల దగ్గర గుంట, ఈ రెండే ఎక్కువ పనికొచ్చాయి.

మనకి దగ్గరి కథ గడ్చిరోలిది. మహారాష్ట్రలో ఉన్నా, ఆ జిల్లాలో సిరొంచ వైపు మన తెలుగు వాళ్ళే. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు 1980ల చివర్లో ఊళ్ళల్లో ఆరోగ్య కార్యకర్తలకీ, మంత్రసానులకీ న్యుమోనియా గుర్తుపట్టి మందివ్వడం నేర్పారు. యాభై దాకా లెక్కపెట్టడం రాని మంత్రసానికి 50 దాటిందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకని ఒక చెక్క మీద పూసలు, పక్కన ఒక నిమిషం ఇసుక గడియారం పెట్టారు. పది ఊపిర్లకి ఒక పూస జరపాలి. ఇసుక అయిపోయే లోపల ఎర్రపూస దాకా వస్తే న్యుమోనియా. అంతే! బడి మొహం చూడని మనిషి చేతికి రోగనిర్ణయం వచ్చేసింది. ఆ ఊళ్ళల్లో న్యుమోనియాతో పోయే పిల్లల సంఖ్య, ఈ పని జరగని పక్క ఊళ్ళతో పోలిస్తే సగం కంటే తక్కువకి దిగిందని 1990లో లాన్సెట్ పత్రికలో వేశారు. మన ఇళ్ళల్లో ఇప్పుడు ప్రతి చేతిలో సెల్‌ఫోను, అందులో స్టాప్‌వాచి. మనం దాంతో గుడ్లు ఉడకబెట్టడానికి టైము పెట్టుకుంటాం.

2019లో ప్రపంచంలో అయిదేళ్ళ లోపు పిల్లలు 7,40,180 మంది న్యుమోనియాతో పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ ఏడాది నవంబరులోనే మన కేంద్ర ప్రభుత్వం సాన్స్ పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. హిందీలో ఆ మాటకి ఊపిరి అని అర్థం. పేరు మాత్రం సరిగ్గా పెట్టారు.

తమలపాకు జోలికి నేను పోను. చర్మం కాలనంత వెచ్చగా ఉంటే ఆకు ఎవరికీ అపకారం చేయదు. అపకారం చేసేది ఆకు వేశాం కదా అని గడిపే రాత్రి. కానీ కొన్ని పనులు నిజంగా హాని చేస్తాయి. నీళ్ళు పోసేటప్పుడు ముక్కులో, గొంతులో ఆముదమో కొబ్బరినూనెనో చుక్కలు వేయడం, ముక్కులోకి ఊదడం. నూనె దగ్గుని కూడా రేపకుండా జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అక్కడ అదే ఒక రకం న్యుమోనియా తెస్తుంది. సాంబ్రాణి వాసన నాకూ ఇష్టమే. పసిబిడ్డకి తలారబెట్టే ఆ దృశ్యం ఏ అమ్మకి ఇష్టం ఉండదు! అయినా పొగ పొగే. కట్టెల పొయ్యి పొగ, దోమల చుట్ట పొగ, తాతగారి చుట్ట పొగ, ఇవన్నీ పసి ఊపిరితిత్తులకి ఒకటే. తల ఆరడానికి మెత్తటి తువ్వాలు చాలు. వేణ్ణీళ్ళ ఆవిరి పట్టబోయి పిల్లలు ఒళ్ళు కాల్చుకున్న ఇళ్ళూ ఉన్నాయి. వాతల గురించి చెప్పనే అక్కర్లేదు.

రెండో రోజు మా చెల్లి ఒక మందుల షాపులో దగ్గు సిరప్ తెచ్చింది. ఎన్నేళ్ళ పిల్లాడికని కూడా వాళ్ళు అడగలేదట. డాక్టరుగారు ఆ సీసా చూసి పక్కన పెట్టించారు. ఆ డిసెంబరులోనే, క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందుల్ని నాలుగేళ్ళ లోపు పిల్లలకి వాడొద్దని సీసాల మీద ముద్రించాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ చెప్పింది. న్యుమోనియాని దగ్గు మందు తగ్గించదు. బాక్టీరియా న్యుమోనియాకి పని చేసేది యాంటీబయాటిక్, చాలామంది పిల్లలకి మామూలు అమాక్సిసిలిన్ సరిపోతుంది. అయితే అది డాక్టరు బరువు చూసి రాయాలి. పోయినసారి పెద్దపిల్లకి మిగిలిన సీసా కాదు. పిల్లాడు ఆడుకుంటున్నాడు కదా అని మధ్యలో ఆపడం కూడా కాదు.

కరోనా రోజుల్లో కొన్న ఆక్సిజన్ క్లిప్పు చాలా ఇళ్ళల్లో ఉంది. పెద్దవాళ్ళ వేలికి పెట్టేది పసివాళ్ళ వేలికి సరిగ్గా పట్టదు. దాని అంకె చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

టీకాల సంగతి అందరికీ తెలుసనుకుంటాం. మా వాడికి ఆరో వారం, పద్నాలుగో వారం వేసే న్యుమోకాకల్ టీకాలు పడ్డాయి. తొమ్మిదో నెలలో వేయాల్సిన మూడోది, రొంపగా ఉందని బాపట్లలో ఇంట్లోవాళ్ళు వాయిదా వేశారు. మామూలు రొంపకి టీకా ఆపక్కర్లేదు. ఆ టీకా మన రాష్ట్రంలో 2021 నుంచి ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. అంతకుముందు ప్రైవేటులో ఒక్కో మోతాదుకీ వేలల్లో ఖర్చయ్యేది, మా పిల్లలప్పుడు మేం దాని పేరే విని ఉండం. పెంటావాలెంట్‌లో హిబ్ టీకా ఉంటుంది, అదీ న్యుమోనియా తెచ్చే ఒక బాక్టీరియాకే. తొమ్మిదో నెల తట్టు టీకా కూడా ఈ లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే తట్టు వెనకే న్యుమోనియా వస్తుంది. వైరస్‌లతో వచ్చేవన్నీ ఇవి ఆపలేవు. ఆపగలిగినవి ఆపితే చాలు. ఆరు నెలలదాకా తల్లిపాలొక్కటే ఇవ్వడం కూడా టీకాలాంటిదే. జబ్బులో ఉన్నప్పుడు పాలు మాన్పించకూడదు. ఒకేసారి తాగలేడు, కాబట్టి కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. తగ్గాక నాలుగు రోజులు ఒక పూట ఎక్కువ పెడితే పోయిన ఒళ్ళు తిరిగొస్తుంది.

డిశ్చార్జి అయి బాపట్ల వెళ్ళాక చెల్లి అత్తగారు మొదట అన్న మాట, "పుట్టింటికెళ్ళి నెమ్ము తెచ్చుకొచ్చారు" అని. చెల్లి మొహం చిన్నబుచ్చుకుని నాకు ఫోన్ చేసింది. ఏం చెప్పాలి? "ఆవిణ్ణి కూర్చోబెట్టి వాడి ఊపిరి లెక్కపెట్టించు. వారం రోజులు రోజుకోసారి పెట్టాలని డాక్టరుగారు చెప్పారు, నా కళ్ళు లాగుతున్నాయి అత్తయ్యా అని చెప్పు" అన్నాను. కళ్ళు లాగడం నా కల్పనే. ఆవిడ బళ్ళో ఆయాగా పని చేసి రిటైరైన మనిషి, గడియారం ప్రకారం గంట కొట్టినావిడ. రెండో రోజుకే ఒక పాత క్యాలెండరు వెనక తారీఖులు వేసి అంకెలు రాయడం మొదలుపెట్టారట.

మొన్న చలికాలం ఆవిడే నాకు ఫోన్ చేశారు. నాకు ఆవిడ నించి ఫోన్ రావడం అదే మొదలు.

"అమ్మాయ్, మా ఎదురింటి పాపకి దగ్గు. తల్లి చంటిపిల్లది, ఏడుస్తా కూర్చుంది. చొక్కా ఎత్తి లెక్కపెడితే 38 వచ్చింది. ఏమంటావు?"

"ఏడాది దాటిందా అత్తయ్యగారూ?"

"మొన్ననే పుట్టినరోజుకి కేకు పంపారు."

"డొక్కలు?"

"డొక్కలెగరెయ్యట్లా. నేను చూసే చెబుతున్నాగా."

"40కి దగ్గరగానే ఉంది. పడుకున్నాక ఇంకోసారి లెక్కపెట్టండి. పాలు తాగుతోందో లేదో చూడండి. పెరిగితే ఈ రాత్రికే తీసుకెళ్ళమనండి, లేదంటే పొద్దున డాక్టరుకి చూపించమనండి."

"సరే" అని పెట్టేశారు. గంట తర్వాత చెల్లి ఫోన్ నించి మెసేజ్ వచ్చింది. "32. పాలు తాగింది. సాంబ్రాణి కుంపటి బయట పెట్టించాను. అత్తయ్య."